చెట్ల లెక్క

ఇయ్యాళ ఆఫీసోళ్లు వస్తున్నరని
తెల్లారక ముందే అర్బాబు ఫోన్ జేసిండు.
అన్ని చెట్లకు నీళ్లు పెట్టుమన్నడు,
సచ్చినయాటికి గూడ.

లివా ఇసుకల పైపులు గుంజినం నేనూ రఫీకులూ.
ఎర్రపురుగు తిన్న ఖర్జూర మొద్దుల కాడ
నీళ్లు ఇంకుతలెవ్వు,
బుడగలు బుడగలుగ మీదికొస్తున్నయి.
"పీనుగకు తానం భయ్యా" అని నవ్విండు రఫీకుల్.
అర్బాబు కారు దూరంల కనవడంగనే
నవ్వు మింగిండు.

చెట్టుకింత అని సర్కారు ఇస్తదట.
నిలవడి ఉంటె చాలు.
ఎవడు నడుముకు మోకు గట్టుకొని ఎక్కిండు,
మగపూత దులిపి ఆడగెలకు ఎవడు గట్టిండు,
ఆ కాయితంల దానికి గడి లేదు.

పదింటికి తెల్లబండి వచ్చింది.
దిగిన పిలగానికి మీసం గూడ సరిగ రాలె.
చేతుల పలకంత ఫోను.
చెట్టుకొక ఫోటువ, చెట్టుకొక టక్కుమని సప్పుడు.
చిన్నప్పుడు మా చెల్కల సర్వేరు గుంజిన
ఇనుప గొలుసు యాదికొచ్చింది.
ఆ దినం గూడ మా నాయిన
గొలుసు మోసిండు గని
కొలతల లేడు.

నలభై ఒకటో చెట్టు కాడ ఆగిండు.
అది నా చెట్టు.
నాది అంటె,
మొదటేడు దాని ముల్లు నా బొటనేల్ల ఇరిగింది,
ఇంకా అండ్లనే ఉన్నది, చలికాలం సలుపుతది. అంతే.
దానికి ఆనుకోని నిలవడ్డ.
"షువయ్య, షువయ్య" అన్నడు పిలగాడు చెయ్యి ఊపుకుంట.
జర పక్కకని.
జరిగిన.
టక్.

లెక్క తేలింది. నూటా ముప్పై ఎనిమిది.
అండ్ల పీనుగలు తొమ్మిది.
అర్బాబు కుషీ అయిండు,
మా ఇద్దరికి ఇరవై ఇరవై దిర్హాములు,
ఒక పెట్టె లబన్.
మంచోడే. అబద్ధమెందుకు?

అవుతలి ఒడ్డున మురహరిరావు సారు గూడ మంచోడే.
కోరుట్ల దాటినంక మూడెకరాల ఇరవై గుంటలు,
పాసుబుక్కు ఆయనది, నాగలి మాది.
ఆయన కొంపల్లిల ఉంటడు,
ఆ మట్టిల కాలు వెట్టి పన్నెండేండ్లు.
ఖాతా తెరిసిన నాడు ఆయనకు ఫోన్ లేకుండె,
మా జమున నంబరు రాయించిండు.
గప్పటిసంది పెట్టుబడి సాయం పడ్డప్పుడల్ల
మా ఇంట్ల టింగుమంటది.
మెసేజి మాది, పైసలు ఆయనయి.
జమున ఒక్కటి గూడ తుడిపెయ్యలే.
అన్ని సీజన్లయి ఉన్నయి దాని ఫోన్ల,
వానాకాలం, యాసంగి, మల్ల వానాకాలం.
ఎండిపోయిన ఏడు గూడ
టింగుమన్నది.

పొద్దుమూకంగ ఫోన్ జేసింది.
"సారు కొడుకు ఖాతాల ఏస్తుండట,
ఓటీపీ వస్తది చెప్పు బిడ్డా అంటుండు.
వచ్చింది."
ఆయనకు చెప్పేముందుగల నాకు సదువుమన్న.
ఎందుకన్నది.
ఊకెనే అన్న.
నాలుగు, సున్న, సున్న, ఏడు, ఒకటి, ఏడు.
ఎన్ని పైసలని నేను అడగలే, అది చెప్పలే.
మిర్చినారుకు అప్పు తెచ్చిందట, గది చెప్పింది.
పది నిమిషాలే ఆ నంబరు పానం.
"జెల్ది చెప్పు, సారు సూస్తుంటడు" అని
నేనే ఫోన్ పెట్టేసిన.

వాల్వు బందు వెట్టనీకె పోయిన.
సచ్చిన మొద్దుల కాడ
పొద్దుగాల పోసిన నీళ్లు ఇంకా ఆడాడ నిలిసే ఉన్నయి.
పేరు తెల్వని బూడిదరంగు పిట్టలు ఒక నాలుగు
ముక్కు ముంచుతున్నయి, తల ఎత్తుతున్నయి,
నన్ను జూసి గూడ
జరగలే.