మూడు గీతలు

ఫోనులో ఆవిడ గొంతు మెత్తగానే ఉంది.
"పోయిన సమీక్ష తర్వాత మెరుగు ఏమైనా కనిపించిందా, మోరాగ్?"
వెన్నుపాము తెగి పంతొమ్మిదేళ్లు.
బల్లికైతే తోక మొలుస్తుంది గానీ
నాకింకా ఏమీ మొలవలేదమ్మా, అన్నాను.
అవతల కీబోర్డు టకటకలాడింది.
బల్లి మాట రాసుకుందో లేదో.

చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు.
ఇక్కడ తిరగబడింది.
మూత్రపు సంచి ఎవరు మారుస్తారో
ఒళ్లు తుడవడానికి ఎన్ని నిమిషాలో
పిరుదు మీది పుండు ఎంత వెడల్పో
ముఖం తెలియని మనిషికి అంకెల్లో అప్పజెప్పాను.
మంచిరోజుల ఊసెత్తకు, అవే నీ కొంప ముంచుతాయని
పక్కింటి డ్రాగో ముందే హెచ్చరించాడు.
అందుకని పోయిన ఆదివారం నవ్విన నవ్వును
దొంగసొత్తులా నాలిక కింద దాచుకున్నాను.

మూడు వారాలకు ఉత్తరం.
"సహేతుకం", "అవసరం" అనే రెండు మాటల మధ్య ఇరుక్కుని
వారానికి ఏడు స్నానాలు
మూడయ్యాయి.

వైయాలాలో ఎవరినైనా అడగండి.
ఉక్కు కర్మాగారం మీదుగా గాలి మళ్లిందంటే
ఆరేసిన దుప్పటి ఎర్రబడుతుంది.
కిటికీ సందుల్లో ఎర్ర దుమ్ము, చెవి మడతల్లో ఎర్ర దుమ్ము.
మా నాన్న నలభై ఏళ్లు
ఆ దుమ్ము కడుక్కున్నాకే భోజనానికి కూర్చున్నాడు.
ఆ గాలికేం తెలుసు,
నావి సోమ, బుధ, శనివారాలని?

అకిన్యీ ఉత్తరం రెండుసార్లు చదివింది.
మడిచి, ఎక్కడిది అక్కడే పెట్టింది.
నాకు పోయిన నాలుగు రోజుల్లో
ఆమె ఇంటద్దె కూడా పోయిందని
రాత్రి పడుకున్నాక గానీ నాకు లెక్క తేలలేదు.
ఆ రోజు మాత్రం నా తల కడుగుతూ
గడియారం వైపు చూడలేదు.
నీళ్లు చల్లబడినా ఇద్దరం ఆ మాట అనలేదు.

పునఃపరిశీలన కోరే ఫారం ఇప్పుడు నా ఒళ్లో ఉంది.
"మీ లక్ష్యాలు రాయండి." కింద మూడు గీతలు.
కిందటేడు ఇదే ప్రశ్నకు
చలికాలంలో పాయింట్ లోలీ ఒడ్డుకు వెళ్లి
రంగులు మార్చే కటిల్ చేపల్ని చూడాలని రాశాను.
ఎంత ఆశపోతును!

ఈసారి మొదటి గీత మీద మంగళవారం అని రాశాను.
రెండో దాని మీద గురువారం.
మూడో దాని మీద శుక్రవారం.
గీతలు చాలలేదు,
ఆదివారాన్ని
కాగితం అంచున, నిలువుగా, ఇరికించాను.