ఓ పోటు పొడిచి చూడు

లాన్‌సెస్టన్ ఊరి చివర రేకుల షెడ్డు.
గురువారం పొద్దున్న రిటైరైనవాళ్ళు చేరి
విరిగిన కుర్చీకాళ్ళు అతికిస్తారు,
మోకాళ్ళ నొప్పుల గురించి వాదించుకుంటారు.
పొట్టు ఊడ్చే వంతు ఆ నెల నాది.

ఎవజ్ అలీ గుమ్మంలోనే ఆగిపోయాడు,
చేతులు జేబుల్లోంచి తియ్యకుండా.
లేత్ మిషన్ మీద బ్లాక్‌వుడ్ దుంగ బిగించి
మెర్వ్ టల్లక్ ఉలి చాపాడు:
"ఓ గుండు పేల్చి చూడు, పోయేదేముంది!"

అతను కదల్లేదు.

"పోనీ ఓ పోటు పొడువు.
ఓ బాదు బాదు.
పగలగొట్టవయ్యా బాబూ!"

ఎవజ్ మెల్లగా అడిగాడు:
"ఎవరిని?"

నలభై ఏళ్ళు ఆ మాటలతోనే
కుర్రాళ్ళకి పని నేర్పాడు మెర్వ్.
వాటిలో తూటా ఉందని, కత్తి ఉందని
ఆ పూట దాకా వినలేదు.
ఇరవై ఏళ్ళుగా ఇక్కడే ఉన్న నేనూ వినలేదు.
నా భాష మాత్రం ఏం తక్కువ,
ఓ రాయి వేసి చూడు అంటుంది,
ఎవరి నెత్తిన పడుతుందో చెప్పదు.

మెర్వ్ చెవులు ఎర్రబడ్డాయి.
"కాదు, కాదు... ఊరికే...
ఓ తిప్పు తిప్పి చూడు, అంతే."
అని మిషన్ వేశాడు.
దుంగ నిజంగానే గిర్రున తిరిగింది.
ఆ ఒక్క మాటా అబద్ధం కాదని
ఎవజ్ జేబుల్లోంచి చేతులు తీశాడు,
తందూరు కాల్చిన మచ్చల చేతులు.

గిన్నె ఓ పక్కకి ఒరిగింది.
ఏం పోసినా ఆ పక్కకే చేరుతుంది.

జూన్‌లో, చలికి రేకులు కిర్రుమంటుంటే,
భార్య పోయిన మెర్వ్
డబ్బా చిక్కుళ్ళు డబ్బాలోంచే తింటున్నాడు.
ఎవజ్ పిండిముద్ద తెచ్చి ముందు పెట్టాడు.
"నా వల్ల కాదు, నోరీన్ చేసేది."

"మావాళ్ళు ఓ మాటంటారు:
నీ గుండెని ఏటికేసి కొట్టు."

"అయితే మీరూ కొట్టడమేనన్నమాట!"

"కొడతాం. కానీ మనదే."

గుండుకీ గుండెకీ మధ్య
ఒక్క గుణింతం తేడా.
అది వాళ్ళిద్దరికీ తెలిసే వీల్లేదు.
చీపురు పట్టుకుని నేనే నిలబడిపోయాను.

రొట్టె టాస్మానియా పటంలా వచ్చింది,
హోబర్ట్ వైపు బాగా మాడింది.
ఆ ఒరిగిన గిన్నెలోనే వేసుకుని
ముగ్గురం తిన్నాం.
పొట్టు సంగతి ఎవరూ ఎత్తలేదు.