దిక్కు

లెస్టర్‌లో శుక్రవారం, వాన.
శవాల గదిలో నా పని
ఫోన్‌లో దిక్సూచి చూడటం.

జుబేదా బీ ముఖం ఆగ్నేయానికి తిరగాలి.
కౌన్సిల్ గోతులేమో కాలిబాట వెంబడే.
"సోమవారం చూద్దాం" అంది ఫోన్‌లో గొంతు.
మట్టి సోమవారం దాకా ఆగదమ్మా, అన్నాను.

అవధాని గారి తల దక్షిణానికి.
కొలిమి తలుపు పడమరకే తెరుచుకుంటుంది.
కూతురు నిప్పడిగింది.
పచ్చ బొత్తాం చూపించాను.
వేలు పెట్టి
చాలాసేపు తియ్యలేదు.

గుర్‌బచన్ కౌర్ మనవడు, నెమ్మదిగా:
"మాకు ఏ దిక్కైనా ఒకటే, అంకుల్.
నానమ్మ కడియం మాత్రం తియ్యకండి."

చీకటి పడ్డాక ఆసుపత్రి నుంచి ఇంకొకరు.
చీటీ మీద 'గుడిమెట్ల' అని మాత్రమే.
మతం దగ్గర ఖాళీ.
బంధువుల దగ్గర గీత.

ఫోన్ జేబులో పెట్టి
కాళ్ల దగ్గరికి కుర్చీ లాక్కున్నాను.