నిమిషమైతే చెప్పు

నల్లగొండ పెద్ద దవాఖానల
బల్ల మీద వాచీ బోర్లించి డాక్టరమ్మ అన్నది:
"కండ్లు మూస్కో. నిమిషమైంది అనిపిస్తే చెప్పు."

మూసిన.
లోపట ఆసు కనిపించింది.
ఇటు ఒక్క మేకు, అటు నెలవంక లెక్క మేకుల వరుస,
నడుమ నా కుడిచెయ్యి
పోంగ ఒక పోగు, రాంగ ఒక పోగు.
పదిహేడు దాకా లెక్కపెట్టి
"అయింది" అన్న.

ఇరవై రెండు సెకండ్లట.
ఆమె ఏందో రాసుకున్నది.
పక్కన మా అన్న భిక్షపతి
లెక్క తనే తప్పినట్టు తల వంచుకున్నడు.
మిగిలిన ముప్పై ఎనిమిది ఎవరు తిన్నరో
నన్నడిగితే నేనేం చెప్త?

ఒక్క మాట చెప్పిన, అది మాత్రం రాసుకోలేదు:
అమ్మ పెదవులు ముందు కదుల్తయి,
మాట ఎనుక వస్తది.
నడుమ నేను చెంబెడు నీళ్లు తాగొచ్చు.
ఆ సందులనే, డాక్టరమ్మా,
ఇంకెవరో వచ్చి కూసుంటరు.
వాళ్ల మాటకు ఆలస్యం ఉండదు.

నిరుడు ఒక పగటీలి
చౌటుప్పల్ బస్సు మలుపు కాడ హారన్ కొట్టింది.
ఆ హారన్ ఇంకా అయిపోలే.
బస్సు ఎప్పుడో పోయింది,
దిగినోళ్లు ఇండ్లకు పోయిన్రు, అన్నాలు తిన్నరు,
అండ్ల ఒకామెకు కాన్పు కూడ అయింది,
ఆడపిల్ల.
హారన్ మోగుతనే ఉంది.

మా పుట్టపాకల ఇదేం వింత గాదు.
చీర పుట్టకముందే పువ్వు పోగు మీద ఉంటది.
కట్టి, రంగుల ముంచి, విప్పి, ఆరబెట్టినంక
పడుగు మీది సగం, పేక మీది సగం
మగ్గం మీద కలుసుకుంటేనే అది పువ్వు.
వెంట్రుకంత జరిగిందా,
నీళ్లల్ల నీడ లెక్క అంచు వణుకుతది.
పట్నం సేట్లు ఆ వణుకును వేళ్లతోని తడిమి
ధర పెంచుతరు.

మాత్ర వేసుకుంటే గంటలు వరుసకొస్తయి.
వస్తయి గని, తడిసిన గొంగడి కప్పుకొని వస్తయి.
పొద్దటి ఛాయ తాగుతాంటెనే
మాపటి దీపం పెట్టమంటరు.
ఆసు ముంగట కూసుంటె చెయ్యి మతికుంచుకుంటది,
నేను మర్చిపోత.

ఉపేంద్ర వదిన ఏనాడు
"ఇయ్యాల ఏ వారం?" అని అడగలే.
"ఏడ దాక అయింది?" అంటది.
మేకు మీద వేలు పెట్టి చూపిస్త.
"ఈడ దాక."
ఆమెకు అది చాలు.

మొన్న రాత్రి కరెంటు పోయినప్పుడు
దవాఖాన ముచ్చట ఆమెకు చెప్పిన.
"నేను జూస్తనుండు" అని
అన్న ఫోను నా చేతుల పెట్టి కండ్లు మూసుకున్నది.
చీకట్ల ఆమె ముక్కుపుల్ల ఒక్కటే కనపడ్తున్నది.
"ఆఁ, అయిందే!"

నలభై ఒకటి.

"నీయి గూడ పంతొమ్మిది తిన్నరొదినా" అన్న.
నవ్వింది.
నోరు తెరుచుకునుడు, నవ్వు ఇనపడుడు
రెండూ ఒక్కసారే అయినయి.
మళ్ల నవ్వుతదేమోనని
చానసేపు ఆమె మొకం దిక్కే చూసిన.

హారన్ మోగుతనే ఉంది,
మలుపుకు జర అవుతల.