పడవకు ఈత

బోటింగోళ్లు పాత సామాను వేలమేసిన నాడు
ఓదెలు రెండువేల మూడు వందలకు తెచ్చిండు దాన్ని.
పసుపుపచ్చ కాయక్.
మూతి మీద పగులు, పక్కకు సగం చెరిగిన నంబరు,
లోపల ఎవరిదో చిన్నపిల్ల రబ్బరు చెప్పు, ఒక్కటే.

పగులు నేనే అతికిచ్చిన.
నర్సంపేట రోడ్డు మీద నాది పంక్చర్ షాపు.
ట్రాక్టర్ ట్యూబు కాడికెల్లి పిల్లల సైకిల్ దాకా
గాలి పోయే తొవ్వ దొరకబట్టుడే నా పని.
ఓదెలు అడిగింది వేరే:
"ఇది బోర్ల పడి నీళ్లు నిండినయనుకో,
రాయి లెక్క అడుక్కు పోతది.
నాకు ఈత వస్తది అన్నా.
దీనికి రాదు."

గాలిసంచులని కొట్లల్ల దొరుకుతయట.
ఆయన బిడ్డ సహస్ర ఫోన్ల చూపెట్టి
ధర కాడికి రాంగనే ఫోను బోర్లిచ్చింది.
ఆ పైసలకు ఇంకో రెండు పడవలొస్తయి.
ఉత్త గాలికి పైసలేంది?
(నేను టైరుకు పది తీసుకుంట. అది వేరే ముచ్చట.)

పెండ్లయిన తెల్లారి ఫంక్షన్ హాలు వెనుక
రెండు లీటర్ల సీసాలు, రెండు గోనెసంచుల నిండ.
తీపి వాసనకు చీమలు షాపు దాకా మావెంటే వచ్చినయి.
చేపల మార్కెట్ల థర్మకోల్ పెట్టెలు ఉత్తగనే,
భీమవరం దిక్కుకెల్లి ఐసుల వచ్చినయి.
"సచ్చిన చేపల్ని మోసిన పెట్టె
బతికిన మనిషిని మోస్తదా?" అని రాజవ్వ నవ్వింది,
నవ్వుకుంటనే పగలనియి నాలుగు ఏరి ఇచ్చింది.

థర్మకోలుకు నా సొల్యూషన్ రాసిన.
ఇరువై ఏండ్ల నమ్మకం.
సర్రున తిన్నది.
పీచుమిఠాయి నాలుక మీద కరిగినట్టు
తెల్లటి ముక్క మాయమై బొక్క మిగిలింది.
ఓదెలు ఏమనలే. వలతాడు తీసిండు.
ఆయన చేతులకు ముడి తెలుసు, నా చేతులకు అంటు తెలుసు.
ఆనాడు ముడే గెలిచింది.

సీసాల మూతలు సహస్ర బిగించింది,
ఎండల కాదు, కోడి కూసే యాళ్లకు, సల్లగున్నప్పుడు.
ఎండల మూసిన గాలి నీళ్లల్ల పడంగనే ముడుసుకుంటదట,
సీసా చెంపలు పీక్కపోతయట.
తొమ్మిదో తరగతి పిల్ల చెప్పింది.
గాలి అమ్ముకునేటోణ్ణి, నాకు తెల్వకపాయె.

మొదటి పరీక్షకు తోక దిక్కే నింపినం.
పాకాల ఒడ్డుకు, నడుముల్లోతు నీళ్లల్ల
కావాలని ముంచినం.
వంచుతాంటే చెయ్యి రాలే,
కొన్న వస్తువును ఎవడు ముంచుకుంటడు?
అది మూతి బురదల వెట్టి, తోక ఆకాశానికి లేపి
మేతకు మునిగిన బాతు లెక్క నిలవడ్డది.
బర్లు కాసే ఐలుమల్లు కట్ట మీదికెల్లి
"ముడ్డి ఒక్కటే బతికిందిరో" అన్నడు.
వారం దినాలు నా షాపుకు వచ్చినోడల్లా
టైరు ముచ్చట కంటే ముందు అదే అడిగిండు.

మూతి దిక్కు ఇరుకు. సీసా పట్టదు, పెట్టె పట్టదు.
హాస్టల్ల పారేసిన ఫుట్‌బాళ్ల బ్లాడర్లు మూడు
సహస్ర సంచిల వేసుకొచ్చింది.
ఇగ నా వంతు.
బొక్కలు మూసి, సప్పగున్నప్పుడే లోపలికి తోసి
సైకిల్ పంపుతోటి కొంచెం కొంచెం కొట్టిన.
అవి ఉబ్బుకుంట ఉబ్బుకుంట
ఆ ఇరుకు ఎట్లున్నదో అట్లయినయి.

మల్ల ముంచినం.
నీళ్లు అంచుల దాకా నిండినయి.
పడవ గుడగుడమన్నది, ఒక్కపారి కిందికి పోయింది,
మా ముగ్గురి గొంతులు ఎండినయి,
పైకి వచ్చింది.
వేలెడు అంచు, అంతే, నీళ్ల మీద పచ్చటి గీత.
ఓదెలు దాంట్లకు ఎక్కి కూసున్నడు,
కడుపు దాకా నీళ్లల్ల, తానం చేసేటోని లెక్క,
కూసొని ఊకున్నడు.
ఎంతసేపటికీ దిగడు.

ఖర్చు: వలతాడుకు నలభై, చాయలకు అరవై.

ఇంకొకటి చెప్పుడు మర్చిపోయిన.
పడవను ముంచినప్పుడల్లా
అన్నిటికంటే ముందు బయటికొచ్చింది ఆ రబ్బరు చెప్పు.
ఎవరూ ఏం నింపలే దాంట్ల, ఏ ముడీ వెయ్యలే.
అలల మీద ఇటు తిరిగి అటు తిరిగి
పోతాంటే సహస్ర ఈదుకుంట పోయి తెచ్చింది,
నీళ్లు పిండి
సీసాల నడుమ దాన్ని కూడ కట్టింది.