వ్యాన్ వైపు తలుపు

బూట్లు విప్పేయ్ టామ్సిన్.
ఆవులు తిరిగిన చోటు, చూసి అడుగెయ్.
చేతిగడియారం కూడా తీసెయ్.
నియమమేం కాదు,
టైము చూసుకునేవాళ్లంటే నాకు చిరాకు.

ముందు చీపురు.
ఎగరడానికి కాదు, నీ మొహం చూస్తే తెలుస్తోందిలే,
ఊడవడానికే.
బ్యాంకు నుంచి వచ్చిన ఉత్తరం, అక్కతో పోట్లాట,
వెంట తెచ్చుకున్నదంతా రాళ్ల అవతలికి.
తర్వాత ఉప్పూ నీళ్లూ.
తర్వాత ఈ కత్తి. నల్ల పిడి, మొద్దు అంచు.
నలభై ఏళ్లలో గాలిని తప్ప దేన్నీ కోయలేదు.
మెర్విన్ ఒకసారి దీంతో చీజ్ కోయబోతే
ఆ సాయంత్రమంతా అతనితో మాట్లాడలేదు నేను.

దీంతో గాలిలో గీత గీస్తూ చుట్టూ నడుస్తాను.
తూర్పున గాలిని పిలుస్తాం, దక్షిణాన నిప్పుని,
పడమట నీటిని
(బాడ్మిన్ మూర్ మీద దాన్ని పిలవక్కర్లేదు,
మనకంటే ముందే వచ్చి కూర్చుంటుంది),
ఉత్తరాన మట్టిని.
గీత లోపల గుడి.
తెల్లారితే మళ్లీ ట్రెలోర్ వాళ్ల పచ్చిక బీడు.

దేవుణ్ణి నమ్ముతారా అనడిగావు దారిలో.
నమ్మడమంటే ఏమో.
ఆమె ఉంది. నెలవంకప్పుడు పిల్ల, పున్నమికి తల్లి,
తరిగే రోజుల్లో నాలాంటి ముసలమ్మ.
ఆయనా ఉన్నాడు, కొమ్ములవాడు.
కొమ్ములనగానే సైతాను అనుకోకు, జింకకీ కొమ్ములే.
పంటతో పాటు కోతకొస్తాడు,
నడి చలికాలంలో మళ్లీ పుడతాడు.
ఆ రెంటి మధ్యా ఈ రాత్రి, సావిన్.

చేతబడులు మాకు రావు.
ఎవరికీ హాని చెయ్యకుండా నీకు నచ్చింది చేసుకో, అంతే.
చిన్న మాటలా వినబడుతుంది.
ఒక్కరోజు పాటించి చూడు, సాయంత్రానికి నడుం విరుగుతుంది.
పంపింది మూడింతలై తిరిగొస్తుందంటారు.
ముప్ఫై ఏళ్లు నర్సుగా ఊళ్లు తిరిగాను,
మంచివాళ్ల ఒంటి మీద మానని పుళ్లకి కట్లు కట్టాను.
మూడింతల సంగతి మెర్విన్‌ని అడుగు.

పెట్రాక్‌కి ఇదంతా గిట్టేది కాదు.
చాపెల్లో మొదటి బెంచీ మనిషి.
అయినా ప్రతి పున్నమికీ వ్యాన్‌లో దింపేవాడు నన్ను.
గేటు దగ్గర హీటరు వేసుకుని
గళ్లనుడికట్టు నింపుతూ కూర్చునేవాడు,
మా పాటలు వినబడకుండా రేడియో పెంచి.
"అయిపోయిందా మీ దేవత?" అనేవాడు
తడిసొచ్చిన నాకు తువ్వాలు అందిస్తూ.
మార్చిలో పోయాడు.
చాపెల్ వాళ్లే పాతిపెట్టారు. బాగానే చేశారు.

ఈ రాత్రి, పోయినవాళ్లకి కంచం పెడతాం.
ఇదుగో కుంకుమపువ్వు బన్ను,
ఫ్లాస్కులో టీ, పంచదార రెండు చెంచాలు.
గీత లోపలికి రమ్మంటే రాడు, నాకు తెలుసు.
అందుకే
గేటు వైపు, ఇటు,
ఈ మొద్దు కత్తితో తలుపంత గాలి కోస్తున్నాను.
నువ్వు కాస్త పక్కకి జరుగు.

వ్యాన్‌లో హీటరు వేసే వచ్చాను.
బ్యాటరీ దిగిపోతే
నడిచి పోదాంలే.