పదకొండు ఖాళీలు

సాక్షి ప్రమాణం చేశాడు.
పేరు ముస్తకీమ్, పాల వ్యాపారం,
చేతులకి ఇంకా మీగడ వాసన.
"ముద్దాయి ఏమన్నాడు?"
"చెప్పలేను హుజూర్.
మళ్ళీ అంటే నేనూ అన్నవాణ్ణవుతాను."

జడ్జిగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.
అవి శుభ్రంగానే ఉన్నాయి.

చినాబ్ ఒడ్డున ఈ చిన్న కోర్టులో
ఇరవై ఆరేళ్ళుగా నేను టైపిస్టుని.
కుడి నుంచి ఎడమకి నడిచే పాత మిషన్.
హత్యలు కొట్టాను, గట్టు తగాదాలు కొట్టాను,
ఒక గేదె ఎవరిదో తేలేదాకా తొమ్మిదేళ్ళు కొట్టాను.
బూతులు కూడా పొల్లు పోకుండా.
ఇక్కడే, "ముద్దాయి ఇలా అన్నాడు" దగ్గర,
వేలికి పని లేకపోయింది.
ఖాళీ మీట నొక్కాను, పదకొండుసార్లు.
పదకొండే ఎందుకంటే చెప్పలేను.
చప్పుడైతే వచ్చింది. గుర్తు పడలేదు.

రెండో సాక్షీ అంతే. మూడో సాక్షి అసలు విననేలేదు,
విన్నవాడి మొహం చూశాడట.
ఫిర్యాదులో కూడా "అనరాని మాట" అనే ఉంది.
పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు.
ఇది ఏ పెదవీ దాటకుండానే
బజారు దాటింది, రైలుగేటు దాటింది,
ముద్దాయి ఇంటి తలుపు విరగ్గొట్టుకుని లోపలికి వెళ్ళింది.

ముద్దాయి మాస్టర్ తుఫైల్.
మా అమ్మాయికి కెమిస్ట్రీ చెప్పాడు.
ఉప్పు పడితే మంట పచ్చబడుతుందని
మా పొయ్యి మీదే చిటికెడు చల్లి చూపించాడు.
అది "మళ్ళీ, మళ్ళీ" అంది.
డబ్బా సగం ఖాళీ అయ్యాక
మా ఆవిడ కేకలేసింది.

లాహోర్ నుంచి ఒక వకీలమ్మ రెండు వాయిదాలకు వచ్చింది.
మూడోదానికి ఆమె కారు అద్దాలు మాత్రం
పేపర్లో వచ్చాయి, ముక్కలుగా.

దేవుణ్ణి కాపాడే చట్టమంటారు.
ఆయన ఫిర్యాదీ కాదు. సాక్షీ కాదు.
ఆయన పేరు గుమ్మంలో నిలబడి
మూడుసార్లు పిలిచే ఆచారం మా బంట్రోతుకి లేదు.

ఆ రాత్రి కరెంటు పోయింది.
వెల్లకిలా పడుకుని
ఆ ఖాళీల్లో ఒక్కో మాట పెట్టి చూశాను,
తాళానికి చెవులు మార్చి చూసినట్టు.
ఒకటి పట్టింది. అతికినట్టు పట్టింది.
తీరా వింటే అది తుఫైల్ గొంతు కాదు.
ఏడేళ్ళ కింద, డెంగీ వార్డు బయట,
తెల్లవారుజామున అజాన్ వినిపిస్తుండగా
పైకి చూసి నేను అనుకున్న మాట.
మింగేశాననుకున్నాను.

ముస్తకీమ్ దేంతో నింపుకున్నాడో.
అన్ని వాయిదాల్లోనూ జడ్జిగారు
ఆ అద్దాలు ఎందుకు తుడుస్తున్నారో.

"చెప్పుకునేది ఏమైనా ఉందా?" అని అడిగారు చివరికి.
తుఫైల్ చెయ్యెత్తాడు, క్లాసులో కుర్రాడిలా.
బేడీలున్నాయి గనక రెండూ లేచాయి.
వెనక బెంచీల్లోంచి చూసేవాళ్ళకి
దువా చేస్తున్నట్టే ఉంది.
"ఆ రోజు టీకొట్లో చాలా మాట్లాడాను.
చక్కెర ధర గురించి, వాన గురించి, ఆయన గురించి.
ఏది తప్పో చెబితే, దానికే జవాబు చెబుతాను.
ముప్ఫయ్యేళ్ళు పిల్లలకి చెప్పాను,
ప్రశ్న తప్పయినా సరే, ఎత్తిన చెయ్యి దించొద్దని."
కానిస్టేబుల్ దించాడు.

తీర్పు నాలుగు ప్రతులు కొట్టాను, కార్బన్లు పెట్టి.
పైదానిలో అన్నీ నల్లగా ఉన్నాయి.
రెండోదానిలో తేదీ అలుక్కుపోయింది.
మూడోదానిలో ముద్దాయి పేరు కష్టమ్మీద చదవొచ్చు.
నాలుగోది దీపానికెత్తి చూశాను:
శిక్ష కనబడలేదు, సంతకం కనబడలేదు,
చట్టం నంబరు కూడా కనబడలేదు.
పదకొండు ఖాళీలు మాత్రం
ఎక్కడివక్కడే ఉన్నాయి.